కనిపెట్టుకునే మనిషి

ఎల్లేశం తాటిచెట్టు మీంచి జారిపడకపోతే ఆ గడ్డ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. పడింది కూడా పెద్ద ఎత్తు నుంచి కాదు. కల్లు లొట్టితో దిగుతూ, ఇంకాసేపట్లో నేల మీద కాలు పెడతాడనగా చెట్టుకీ నడుముకీ చుట్టిన మోకుతాడు జారింది. నల్లగండ్ల నుంచి ఎడ్లబండి మీద లింగంపల్లి స్టేషనుకీ, అక్కణ్ణుంచి రైల్లో నాంపల్లికీ, ఆపైన రిక్షాలో పెద్దాసుపత్రికీ అతణ్ణి తీసుకొచ్చింది భార్య సక్కుబాయి. వెన్నెముక విరిగిందేమోనని ఎక్స్‌రే తీశారు. ఎముకలన్నీ బాగానే ఉన్నాయి. కాని ఎడమ మూత్రపిండం మీద టోపీ పెట్టినట్టుండే అడ్రినల్ గ్రంథి దగ్గర, నిమ్మకాయంత తెల్లటి నీడ కనిపించింది.

సర్జరీ విభాగంలో అసిస్టెంటుగా ఉన్న డాక్టర్ బాలాత్రిపురసుందరి ఆ నీడ చూసి మంచం దగ్గరకు వెళ్లి అడగవలసినవన్నీ అడిగింది. తలనొప్పి వస్తుందా? ఉన్నట్టుండి చెమటలు పడతాయా? గుండె దడదడలాడుతుందా? ఎల్లేశం ప్రతిదానికీ భార్య ముఖం వంక చూసి, లేదన్నట్టు తల ఊపాడు. రక్తపోటు సరిగ్గా ఉంది. పగలూ రాత్రీ మూత్రం పట్టి పంపిన పరీక్షలోనూ ఏమీ తేలలేదు. నరంలోకి రంగుమందు ఎక్కించి మళ్లీ ఫిల్ములు తీస్తే మూత్రపిండం కూడా చక్కగా పనిచేస్తోందని తెలిసింది. గడ్డ ఉంది, అంతే. ఎవరికీ ఏ అపకారమూ చెయ్యకుండా దాని మానాన అది ఉంది.

అదే వారంలో స్పెషల్ వార్డులోనూ అలాంటిదే ఒకటి బయటపడింది. రామచంద్రపురం ఫ్యాక్టరీలో ఇంజనీరు భీమేశ్వరరావుకి మూత్రంలో రాయి పడి విపరీతమైన నొప్పి వచ్చింది. రాయి దానంతటదే పోయింది గాని, రాయి కోసం తీసిన ఫిల్ములో కుడివైపున, ఎల్లేశానికి ఉన్నలాంటి నీడే ఉంది. ఆయనకీ పరీక్షలన్నీ చేశారు. ఆయనకీ ఏమీ తేలలేదు.

ప్రొఫెసర్ నరసింహమూర్తి ఆ రెండు ఫిల్ములనూ దీపం పెట్టెకు పక్కపక్కన తగిలించి చాలాసేపు చూశాడు. ఆయన చెయ్యి గురించి ఆసుపత్రిలో కథలు చెప్పుకునేవారు. కత్తి పట్టాక ఆ చెయ్యి వణకగా చూసినవాళ్లు లేరు. రోగికి నెత్తురు ఎక్కువ పోతుంటే ఆయన గొంతు ఇంకా మెత్తబడేది. ఆయన దగ్గర పని నేర్చుకోవాలనే త్రిపురసుందరి కాకినాడ వదిలి ఇంత దూరం వచ్చింది.

"ఎల్లేశాన్ని వచ్చే బుధవారం ఆపరేషన్‌కి పెట్టమ్మా. భీమేశ్వరరావుగారిని మూడు నెలలకోసారి రమ్మందాం. బీపీ చూద్దాం, ఒక ఫిల్ము తీద్దాం. పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం."

త్రిపురసుందరి చేతిలోని కేసుషీట్ల వంక చూసుకుంది. "సార్, రెండూ ఒకేలా ఉన్నాయి కదండీ."

"ఉన్నాయి."

"మరి ఒకరికి కత్తి, ఒకరికి..."

నరసింహమూర్తికి కోపం రాలేదు. పాఠం చెప్పేటప్పటిలాగే కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఆపరేషన్ ఖర్చు ఒక్కసారితో పోతుంది. కనిపెట్టి చూడ్డం ఏళ్ల తరబడి ఖర్చు. రైలు, కూలి, ఫిల్ము, ఇక్కడ మన పని. అన్నీ పెట్టి పదిసార్లు వచ్చి పదకొండోసారి రాలేదనుకో, సరిగ్గా అప్పుడే గడ్డ పెరిగిందనుకో, పెట్టిన ఖర్చంతా బూడిదలో పోసినట్టే. మనిషీ దక్కడు. భీమేశ్వరరావుగారు చదువుకున్న మనిషి, వస్తారు. ఎల్లేశం రాడు. నొప్పి లేనివాడు దవాఖానకి ఎందుకొస్తాడమ్మా? ఆయనకి చూడ్డం చవక, ఇతనికి కొయ్యడం చవక. ఇందులో పక్షపాతం ఏమీ లేదు."

ఆ మాటలో తప్పెక్కడుందో త్రిపురసుందరికి దొరకలేదు. దొరకనందుకే సాయంత్రం దాకా ఆమెకు మనసు మనసులో లేదు.

సక్కుబాయి మంచం పక్కన నేల మీద కూర్చుని జొన్నరొట్టె తుంచి మొగుడికి అందిస్తోంది. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే రెప్ప వాల్చకుండా వింటుంది. త్రిపురసుందరి స్టూలు లాక్కుని కూర్చుని గడ్డ సంగతి చెప్పింది. బుధవారం సంగతీ చెప్పింది.

"యాడ కోస్తరమ్మా?" అంది సక్కుబాయి.

త్రిపురసుందరి తన నడుము మీదే వేలితో గీసి చూపించింది. వెనకనుంచి పక్కకి. ఒక పక్కటెముక ముక్క తీయాల్సి రావచ్చని కూడా చెప్పింది.

సక్కుబాయి తన చీర కుచ్చిళ్ల మీది రొట్టె పొడి దులుపుకుంది. "మోకు ఆనేది గాడనే. ఎక్కినంక మనిషి బరువంత గాడనే ఉంటది. కోసినంక మల్ల చెట్టెక్కుతడా?"

"తేలికపని చేసుకోవచ్చు. చెట్టెక్కడం..." త్రిపురసుందరి కేసుషీటు మూసింది. "కష్టం సక్కుబాయీ."

"కొయ్యకుంటే?"

"కనిపెట్టి చూడాలి. చాలామందికి అది అట్లాగే ఉండిపోతుంది. కొందరికి పెరుగుతుంది. ఎవరికి పెరుగుతుందో ముందే చెప్పలేం. అందుకని మూడు నెలలకోసారి వచ్చి ఫిల్ము తీయించుకోవాలి. మధ్యలో తలనొప్పి, చెమట, గుండెదడ వస్తే వెంటనే రావాలి."

"మరి గట్లనే జెయ్యొచ్చు గద. కొయ్యుడెందుకు?"

త్రిపురసుందరికి అబద్ధం చెప్పడం చేతకాలేదు. "మీరు మళ్లీ రారని సారుకి అనుమానం."

ఎల్లేశం నవ్వాడు. నడుము నొప్పికి నవ్వు సగంలోనే ఆగిపోయింది. సక్కుబాయి నవ్వలేదు.

మర్నాడు నరసింహమూర్తి వార్డులోకి రాగానే ఆమె లేచి నిలబడింది. ఆయన వెనక పదిమంది విద్యార్థులున్నారు. ఆమె వాళ్లెవరినీ చూడలేదు.

"సారూ, మేం రామనుకుంటున్నరట."

నరసింహమూర్తి ఒకసారి త్రిపురసుందరి వైపు చూసి మళ్లీ ఆమె వైపు తిరిగాడు. "అందరూ వస్తామనే అంటారమ్మా. ఇంటికెళ్లాక పని ఉంటుంది, పండగ ఉంటుంది, నొప్పి లేదు కదా అనిపిస్తుంది. నిన్ను తప్పు పట్టడం లేదు."

"అందరి ముచ్చట నాకెర్క లేదు సారూ. ఇతన్ని నేను తోల్కొస్త. మీరు ఎప్పుడు రమ్మంటే గప్పుడు తోల్కొస్త. పెరిగిందని మీరు జెప్తే, కొయ్యమని నేనే పండవెడ్త. పెరగకముందే ఎందుకు కొయ్యాలె? చెట్టు దిగితే ఇతను మనిషి గాదు సారూ. ఇంట్ల కూసోవెట్టి సాకుడు నాతోనైతది గని, కూసునుడు ఇతనితోని గాదు."

 నరసింహమూర్తి ఎల్లేశం మంచం దగ్గరకు వచ్చి, అతని అరచేయి తిప్పి చూశాడు. తాటి బెరడుకు కాయలు కాసి, అరచెయ్యి కూడా ఆ బెరడులాగే ఉంది.

"సరే," అన్నాడు. "మూడు నెలలకి, ఎండాకాలం మధ్యలో తీసుకురా. త్రిపురా, వారం ఏదో చెప్పు. కాని సక్కుబాయీ, రాకపోతే మాత్రం, ఇంకోసారి దొరికిన రోజున నేను అడగను. కోసేస్తాను."

"కొయ్యిరి," అంది ఆమె.

ఎండాకాలం వచ్చింది. చెప్పిన వారమూ వచ్చింది. త్రిపురసుందరి సోమవారం నుంచీ ఔట్‌పేషెంటు వరండా మీద కన్నేసి ఉంచింది. పొడుగ్గా ఉన్న ఆడమనిషి ఎవరు కనిపించినా తల తిప్పి చూసేది. శనివారం దాకా వాళ్లు రాలేదు.

నరసింహమూర్తి చేతులు కడుక్కుంటూ, "మీ కల్లుగీతవాళ్లు వచ్చారా?" అని అడిగాడు.

"లేదండి."

 తనన్నట్టే జరిగిందన్న తృప్తి ఆయన ముఖంలో లేదు. తువ్వాలుతో ఒక్కొక్క వేలే తుడుచుకుని లోపలికి వెళ్లాడు. భీమేశ్వరరావు సంగతి ఎవరూ అడగలేదు. ఆయన వచ్చి వెళ్లే ఉంటాడని అందరూ అనుకున్నారు.

ఆదివారం పొద్దున్నే త్రిపురసుందరి నాంపల్లిలో పాసింజరెక్కి లింగంపల్లిలో దిగింది. అక్కణ్ణుంచి నడక. ఎటు చూసినా ఏనుగులు పడుకున్నట్టు నల్లటి రాతి గుండ్లు, వాటి మధ్య ఎండిపోయిన జొన్నచేలు, దూరంగా తాటివనం. గేదెల్ని తోలుకుపోతున్న ఒక ముసలామెను అడిగితే, "ఎల్లేశం గౌడా? గప్పుడే చెట్లకు వొయిండు," అని వనం వైపు చెయ్యి చూపింది.

ఎల్లేశం చెట్టు మీద ఉన్నాడు. పైన మట్టల్లో గెల గీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. కింద సక్కుబాయి గుడ్డతో కల్లు వడపోస్తోంది. త్రిపురసుందరి గుండు చాటున నీడలో ఆగి చూసింది. అతను మోకు జరుపుకుంటూ, గుజి తాడు బిగించిన పాదాలు బెరడుకు ఆనించి ఆనించి, తొందర లేకుండా దిగాడు. నేల మీద నిలబడగానే సక్కుబాయి చేతిలో పని వదిలేసి వెళ్లి, ముందు లొట్టి అందుకోలేదు. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, అరచెయ్యి అతని రొమ్ము మీద పెట్టింది. అతను ఊపిరి తీసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత వేళ్ల వెనకవైపు నుదుటి మీద పెట్టి చూసింది. ఆ తర్వాతే లొట్టి తీసుకుంది. ఇద్దరిలో ఎవరికీ అది కొత్తగా ఉన్నట్టు లేదు. చెట్టు దిగిన ప్రతిసారీ జరిగేదే అయ్యుంటుంది.

తను ఆ రోజు స్టూలు మీద కూర్చుని చెప్పిన మూడు మాటలు, తలనొప్పి, చెమట, గుండెదడ, ఇక్కడ ఇలా రోజూ నడుస్తున్నాయి. త్రిపురసుందరి గుండు చాటు నుంచి బయటికి వచ్చింది.

"డాక్టరమ్మా!" సక్కుబాయి ముందు చూసింది. "కబురు దెచ్చినవా?"

"ఏం కబురు?"

"ఎప్పుడు రావాలెనో జెప్పెతందుకు గాదా నువ్వొచ్చింది?"

"చెప్పిన వారంలో రాలేదేం సక్కుబాయీ?"

సక్కుబాయి ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. "ఒస్తిమి గదమ్మా. సోమారం ఒచ్చి, వరండా దిక్కు రాకుంట సీదా కిందికే వొయినం. ఎక్స్‌రే అర్ర కాడ సారు, ఫిల్ములు లేవు రేపు రమ్మన్నడు. మంగళారం ఒస్తే గదే మాట. ఇంటికొచ్చి మల్ల వొవుడెందుకని గా రాత్రి నాంపల్లి టేషన్లనే పన్నం. బుధారం పొద్దుగూకేదాక గా అర్ర ముంగటనే కూసున్నం. గప్పుడు గా సారు పేరు రాసుకొని, ఫిల్ములొచ్చినంక మేమే కబురంపుతం, గప్పటిదాంక తిరగకుండ్రి అన్నడు. కబురు కోసమే సూస్తున్న."

"నా దగ్గరకు రావచ్చు కదా?"

"ఆ అర్ర దాటి లోపటికి రానియ్యలే. డాక్టరమ్మకు జెప్పాలె అన్న. ఏ డాక్టరమ్మ, పేరేందన్నరు." సక్కుబాయి కాస్త మొహమాటంగా చూసింది. "నీ పేరు నాకెర్క లేదమ్మా."

త్రిపురసుందరి గుండు మీద కూర్చుంది. అన్ని రోజులు ఆ మంచం దగ్గరకు వెళ్లింది. గడ్డ పేరు చెప్పింది, గ్రంథి పేరు చెప్పింది. తన పేరు చెప్పాలని ఒక్కసారీ తోచలేదు. ఇప్పుడు చెప్పింది. సక్కుబాయి ఆ పొడుగు పేరును రెండుసార్లు పలికి చూసి, "త్రిపురమ్మ," అని కుదించుకుంది. ఎల్లేశం తాటాకు దొప్పలో కల్లు పోసి తెచ్చాడు. "ఇప్పుడే దించింది. పులుపెక్కలే. తాగు బిడ్డా," అన్నాడు. ఆమె అలవాటు లేకపోయినా రెండు గుక్కలు తాగింది.

సోమవారం ఉదయం ఆమె చెప్పిందంతా నరసింహమూర్తి నిలబడే విన్నాడు. విని, ఆమెను వెంటబెట్టుకుని మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచాడు. ఆయన ఆ గదిలోకి స్వయంగా రావడం అక్కడ పనిచేసే విశ్వేశ్వరరావు ఎప్పుడూ చూడలేదు. కంగారుగా లేచాడు.

"ఎల్లేశం అనే మనిషి వచ్చాడా?"

"వచ్చాడండి. భార్యాభర్తలిద్దరూ మూడు రోజులు కూర్చున్నారు. బొంబాయి నుంచి స్టాకు రాలేదండి సార్, నేనేం చెయ్యను. కొద్దిగా ఉన్నవి స్పెషల్ వార్డువాళ్లకని అట్టేపెట్టాను."

"కబురంపుతానన్నావట."

విశ్వేశ్వరరావు తల గోక్కున్నాడు. "ఊరికి మనిషిని పంపించాలంటే ఎలాగండి. ఏదో వాళ్లు తిరగకుండా ఉంటారని..."

"ఆ అట్టేపెట్టినవి ఇంకా ఉన్నాయా?"

"ఒక్కటుందండి. భీమేశ్వరరావుగారిది. ఆయన రాలేదు."

నరసింహమూర్తి అక్కడున్న బల్ల మీద చెయ్యి ఆనించాడు. త్రిపురసుందరి ఆ చెయ్యినే చూస్తోంది. ఆయన, "దాన్ని ఎవరికీ వాడకు," అన్నాడు. ఆమె వైపు తిరిగి, "వాళ్లు ఎలా రాగలరో కనుక్కో. రేపు వచ్చినా సరే," అన్నాడు.

లింగంపల్లి స్టేషను మాస్టరుకు ఫోను చేసి చెబితే ఆయన నల్లగండ్ల పాలవాళ్లతో కబురు పంపాడు. మర్నాడు మొదటి రైలుకే వాళ్లు దిగారు. భీమేశ్వరరావు కోసం దాచిన ఫిల్ము మీద ఎల్లేశం నడుము పడింది. అది ఆరేదాకా నరసింహమూర్తి వార్డులో రౌండ్లు ఆపి ఆ గదిలోనే కూర్చున్నాడు. పాతదీ కొత్తదీ దీపం పెట్టెకు తగిలించి, గడ్డ ఈ కొస నుంచి ఆ కొసకు స్కేలు పెట్టి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. తర్వాత గుమ్మం బయట ఉన్న సక్కుబాయిని లోపలికి పిలిచాడు.

"ఇటు రండమ్మా. ఇది మొదట తీసింది. ఇది ఇవాళ్టిది. ఇక్కడ తెల్లగా ఉంది చూడండి, అదే గడ్డ. వెంట్రుకవాసి కూడా పెరగలేదు."

ఆమె రెంటినీ చూసింది. పెరగలేదని చెప్పినందుకు కళ్లనీళ్లేమీ పెట్టుకోలేదు. కాని అప్పటిదాకా బిగపట్టి ఉన్న భుజాలు కిందికి దిగాయి.

"మీరు వస్తామన్నారు, వచ్చారు," అన్నాడు నరసింహమూర్తి. "లేనిది మేమే. తప్పు మా వైపు జరిగింది."

వార్డు రోగుల్ని ఆయన ఏనాడూ మీరని పిలవలేదు. సక్కుబాయికి అది తెలియదు. "పోనీయి సారూ," అంది. "మల్లెప్పుడు రావాలె?"

"మూత్రం పరీక్ష ఒకసారి చేయిద్దాం. సీసాలో పట్టి, వచ్చే సోమవారం తీసుకురండి. తర్వాత వానల్లో, మూడు నెలలకి ఫిల్ము. ఈసారి నేరుగా త్రిపురసుందరిగారి దగ్గరికే రండి."

వాళ్లు వెళ్లాక ఆయన రెండు ఫిల్ములూ దించి కవర్లలో పెట్టాడు. త్రిపురసుందరి మూడు నెలలుగా మనసులో నలుగుతున్న మాట అడిగేసింది. "సార్, మీరు చెప్పిన ప్రకారం రాని మనిషికి కొయ్యడమే చవక కదండీ. ఇప్పుడు భీమేశ్వరరావుగారికి ఆపరేషన్ రాయమంటారా?"

నరసింహమూర్తి ముఖం మీద చిన్న నవ్వు వచ్చింది. ఎక్కువసేపు నిలవలేదు. "ఎల్లేశం రాలేదనుకున్నప్పుడు నువ్వు వెళ్లి అడిగావు. నేను అడక్కుండానే తీర్పు చెప్పాను. ఈయన్నీ అడుగుదాం, ఎందుకు రాలేదో."

ఆ సాయంత్రమే కారులో ఇద్దరూ రామచంద్రపురం వెళ్లారు. భీమేశ్వరరావు క్వార్టర్సు ముందు చిన్న తోట, వరండాలో పేము కుర్చీలు. డాక్టరుగారు ఇంటికి రావడం చూసి ఆయన ముఖం పాలిపోయింది. పని ఒత్తిడి అన్నాడు, కొత్త యంత్రాలొచ్చాయన్నాడు, ఇన్‌స్పెక్షన్ ఉందన్నాడు. కాఫీ తెచ్చిన భార్య రాజరాజేశ్వరి గ్లాసులు బల్ల మీద పెట్టి నిలబడిపోయింది.

"అవేం కాదండీ," అందావిడ. "రెండుసార్లు బయల్దేరారు. స్టేషన్ దాకా వెళ్లి వెనక్కొచ్చారు. రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నారు. పక్కలో చెయ్యి పెట్టి నొక్కుకుంటూ ఉంటారు, పెరిగిందేమోనని."

భీమేశ్వరరావు కాఫీ గ్లాసు అందుకుని, తాగకుండానే మళ్లీ బల్ల మీద పెట్టాడు. "ఫిల్ములో ఏం కనిపిస్తుందోనని భయమండి," అన్నాడు. "చూడకపోతే లేనట్టే అనిపిస్తుంది. ఆ రోజే కోసి పారేసుంటే హాయిగా ఉండేదేమో."

కనిపెట్టి చూడడానికి అయ్యే ఖర్చులన్నీ వరసగా చెప్పిన ఆ రోజు నరసింహమూర్తి ఈ భయాన్ని లెక్కలో వెయ్యలేదు. ఆయన ముందుకు వంగి ఇంజనీరు మోకాలి మీద చెయ్యి వేశాడు. మెత్తటి గొంతుతో, "నిజంగా కోయించుకోవాలనుంటే కోస్తాను. ముందు ఒక్క ఫిల్ము తీద్దాం. ఒక్కరే రాకండి," అన్నాడు. "వచ్చే సోమవారం నల్లగండ్ల నుంచి ఒకావిడ భర్తను తీసుకుని మొదటి రైలెక్కుతుంది. ఆయనకీ మీకున్నదే. ఆమె పేరు సక్కుబాయి. లింగంపల్లిలో ఆమె పక్కన నిలబడండి, చాలు."

సోమవారం నాటికి కొత్త ఫిల్ములు వచ్చాయి. త్రిపురసుందరి తొమ్మిది కాకముందే వరండాలోకి వచ్చి నిలబడింది. కాసేపటికి నరసింహమూర్తి కూడా వచ్చి, ఏదో పని ఉన్నట్టు పక్కనే ఆగాడు.

జనంలోంచి ముందు సక్కుబాయి కనిపించింది. చంకలో గుడ్డ చుట్టిన సీసా ఉంది. ఆమె వెనక తలపాగా చుట్టిన ఎల్లేశం. అతని పక్కన, ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసి, పలకల్లే బిగిసిన ముఖంతో భీమేశ్వరరావు. ఎల్లేశం ఆయనకేదో చెబుతున్నాడు, చేత్తో తన నడుము చూపిస్తూ.

సక్కుబాయి మెట్లెక్కి వచ్చి సీసా త్రిపురసుందరికి అందించింది.

"గీ సారు రైలొచ్చినంక ఎన్కకు మర్లిండు," అంది నరసింహమూర్తితో, ఫిర్యాదు చేస్తున్నట్టు కాక, జరిగింది చెబుతున్నట్టు. "రెక్క వట్టుకొని ఎక్కిచ్చిన. ఇద్దర్ని తోల్కొచ్చిన సారూ. ముందుగాల గీ సారుకు తియ్యిండ్రి, జర పరేషాన్ల ఉన్నడు."

నరసింహమూర్తి పక్కకు తప్పుకుని ఆమెకు దారి ఇచ్చాడు.